917 బంతుల సుబ్బన్న నాయుడు

సి.కె. నాయుడి పేరు వినని తెలుగువారు అరుదు. తమ్ముడు సి.ఎస్. నాయుడి సంగతి అడిగితే మాత్రం క్రికెట్ అభిమానులు సైతం తడుముకుంటారు. కొట్టారి సుబ్బన్న నాయుడు 1914లో నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించారు. నాగపూర్, బిలాస్‌పూర్, మన రతన్‌పూర్ అప్పుడు ఒకే పాలనలో, మధ్యపరగణాలలో ఉండేవి.

ఆయన లెగ్ స్పిన్నర్. టెస్టు లెక్కలు చూస్తే జాలి కలుగుతుంది: 11 మ్యాచ్‌లు, 2 వికెట్లు. చరిత్ర ఆయనను ఈ అంకెతోనే తూచింది. అది అన్యాయమైన తూకం. 1936 వేసవి తరువాత భారత్ మళ్లీ టెస్టు ఆడింది 1946లో. అంటే ఇరవై రెండేళ్ల నుంచి ముప్పై రెండేళ్ల వరకు, స్పిన్నర్ చేయి పండే వయసంతా, టెస్టులు లేకుండానే గడిచిపోయింది.

ఆ దశాబ్దంలో ఆయన బలాన్ని చూసింది సంస్థానాల జట్లు. రాజులకు క్రికెట్ ఒక దర్బారు వైభవం, సి.కె.కు హోల్కర్ మహారాజు 1923లోనే సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. సి.ఎస్. 1942-43లో బరోడా తరఫున, ఒకే రంజీ సీజనులో 40 వికెట్లు తీసిన తొలి బౌలర్ అయ్యారు. ఆ ఏడు ట్రోఫీ బరోడాదే.

తరువాత హోల్కర్‌కు మారారు. 1945 మార్చిలో బొంబాయిలో రంజీ ఫైనల్. హోల్కర్ నాయకుడు అన్నగారే. బొంబాయి 462, 764 పరుగులు చేసింది. తొలి ఇన్నింగ్స్‌లో 64.5 ఓవర్లు, రెండోదానిలో 88 ఓవర్లు తమ్ముడి చేతే వేయించారు. మొత్తం 917 బంతులు, 428 పరుగులు, 11 వికెట్లు. ఒక ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లో ఇన్ని బంతులు వేసినవారు ప్రపంచంలో వేరొకరు లేరు. ఇంతచేసినా హోల్కర్ 374 పరుగుల తేడాతో ఓడింది. అందరికీ గుర్తున్నది అటు ఛేదనలో డెనిస్ కాంప్టన్ చేసిన అజేయ 249. బ్యాటుకున్న కీర్తి బంతికి ఎప్పుడుంది!

సంస్థానాలు విలీనమయ్యాయి. 1956లో నాగపూర్ బొంబాయి రాష్ట్రానికి, బిలాస్‌పూర్ మధ్యప్రదేశ్‌కు వెళ్లాయి. ఆయనను తమవాడని చెప్పుకోవలసిన ఒక రాష్ట్రమంటూ మిగలలేదు. ఆంధ్రులకు ఆయన నాగపూర్‌వాడు, నాగపూర్‌కు ఇండోర్‌వాడు. 2002 నవంబరులో ఆ ఇండోర్‌లోనే కన్నుమూశారు.