మా తాత ఒక్కడే కోసిన బర్రె

మాది పాత నల్లగొండ జిల్లా. ఊరని చెప్పడం అలవాటయింది గానీ మేం పుట్టింది ఊర్లో కాదు, ఊరి బయట మాదిగవాడలో. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. ఇప్పుడు సర్కారు బడిలో సోషల్ చెప్తున్నాను.

ఒకరోజు ఏడో తరగతిలో గ్రామీణ వృత్తుల గురించి చెప్తున్నాను. కుమ్మరి కుండ చేస్తాడు, కమ్మరి నాగలి కర్రు చేస్తాడు, మాదిగ చెప్పులు కుడతాడు. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి అడిగింది: "సార్, కుండకు మన్ను చెరువు నుంచి తెస్తరు. మరి చెప్పుకు తోలు ఎక్కడ్నుంచి తెస్తరు?"

నా నోటికి ఒక్కసారే మాట రాలేదు. తర్వాత "ఫ్యాక్టరీ నుంచమ్మా" అన్నాను. పాఠం ముందుకు పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదేళ్ల వయసులో కందీలు పట్టుకొని మా తాత ముందర నిలబడ్డవాణ్ణి నేను. తోలు ఎక్కడ్నుంచి వస్తదో నాకంటే బాగా ఎవరికి తెలుసు? తెలిసీ అబద్ధం చెప్పాను. ఆ అబద్ధానికి సంజాయిషీగా ఇది రాస్తున్నాను.

మా తాత నిజాం కాలంలో పుట్టినవాడు. ఆ కాలంలో వెట్టి అంటే ఏమిటో చరిత్ర పుస్తకాల్లో నాలుగు వాక్యాలుంటాయి. దొరకు, పటేలుకు, పట్వారికి మాదిగలు చెప్పులు ఊరికే కుట్టియ్యాలి. మోటబాయికి తోలు తొండెం, ఎడ్లకు పట్టెడలు, వార్లు, అన్నీ ఊరికే. ఊర్లో గొడ్డు చస్తే మోసుకుపోవడం మా పని. తోలు తీసి, సున్నపు గుంతలో నానేసి, వెంట్రుకలు గీకి, లందలో తంగేడు చెక్కతో ఊనబెట్టి పదును చేయడం మా పని. ఆ తోలుతో కుట్టిన చెప్పు మాత్రం దొరది. మా తాత చెప్పులేసుకొని దొర గడీ ముందు నడవొద్దు. చెప్పు చేసినోడే చెప్పు చేతపట్టుకొని పోవాలి. ఇంతకన్నా విచిత్రం ఏ దేశంలో వుంటది?

తెలంగాణ సాయుధ పోరాటం 1946 నుంచి 1951 దాకా నడిచింది. ఆ పోరాటం వెట్టి మీద గట్టి దెబ్బ కొట్టిన మాట నిజం. దొరల గడీలు కూలినయి. కానీ చచ్చిన గొడ్డు మోసే కావడి మా భుజం మీంచి దిగలేదు. పేరు మారింది. వెట్టి పోయి 'ఆనవాయితీ' వచ్చింది.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టింది. మరుసటేడు దాని గాలి మా వాడ దాకా వచ్చింది. మా నాయిన అప్పుడు పడుచువాడు. పేరు చివర మాదిగ అని రాసుకున్నాడు. వాడంతా చింతచెట్టు కింద కూర్చొని ఒట్టేసుకున్నారు. ఇకమీద చచ్చిన గొడ్డును మోయం. చచ్చిన గొడ్డు కూర తినం. పైస లేకుండా డప్పు కొట్టం.

ఈ ఒట్టు కొత్తది కాదు. 1927 మార్చిలో మహాడ్ సభలో బాబాసాహెబ్ అంబేద్కర్ ఇదే మాట చెప్పాడు. చచ్చిన జంతువుల మాంసం మానెయ్యండి అన్నాడు. ఆ సభ నుంచే జనం చవదార్ చెరువుకు నడిచి నీళ్లు తాగారు. 1948లో అచ్చయిన 'అంటరానివారు' పుస్తకంలో, గొడ్డుమాంసం తినడం దగ్గరే అంటరానితనం మూలం వుందని వాదించాడు. మా నాయిన ఆ పుస్తకం చదవలేదు. మీటింగుల్లో విన్నాడు. విన్నది చాలు అతనికి.

ఊరు ఊరుకుంటదా? మా వాళ్లను కూలికి పిలవడం బందు పెట్టిండ్రు. కిరాణం కొట్టు ఉద్దెర బందు. వాడ గట్టిగా నిలబడింది. చచ్చిన గొడ్లు వాగొడ్డున కుళ్లినయి. చివరికి ఆసాములే ట్రాక్టరుకు తాడు కట్టి ఈడ్చి పారేసుకోవడం నేర్చుకున్నారు.

1998 ఎండాకాలం. వానల్లేవు, పనుల్లేవు. మా అవ్వకు ఆయాసం. నాకు కొత్త బడిలో చేరడానికి బట్టలు కావాలి. ఒకనాడు పొద్దుగూకే ముందు ఒక ఆసామి బర్రెను చెరువు అలుగు కింద పారేసి పోయారని తెలిసింది. నాయిన మీటింగుకు సూర్యాపేట పోయిండు. తాత గోడ సందులోంచి కత్తి తీసిండు. "కొడుకా, కందీలు పట్టుకొని నా ఎంట రా. ఎవ్వలకు జెప్పకు" అన్నాడు.

గొడ్డును కోయడం నలుగురి పని. నాలుగు కాళ్లు నలుగురు పడితే అయిదోవాడు కత్తి ఆడిస్తాడు. వాడంతా ఒట్టేసుకున్నది కాబట్టి తాత ఎవర్నీ పిలవలేడు. డెబ్బై ఏళ్లకు దగ్గర పడ్డ మనిషి, ఒక్కడే. ఆ రాత్రి నేను చూసింది మీకు వివరంగా చెప్పాలి. ఎందుకంటే దీన్ని 'మురికి పని' అన్నవాళ్లే గానీ పని అన్నవాళ్లు లేరు.

తాత ముందు కత్తి తీయలేదు. కందీలు దగ్గరికి తెప్పించి ముక్కు, నోరు, వెనక భాగం చూసిండు. నల్లటి నెత్తురు కారిందా? లేదు. కాలు ఎత్తి మడిచి చూసిండు. ఇంకా కొయ్యబారలేదు. కడుపు ఉబ్బకముందే కోయాలి. ఉబ్బితే లోపలి వేడికి కూర చెడిపోతది, తోలుకు వెంట్రుక ఊడుతది, తోలు పనికిరాదు.

నేల వాలు చూసి తల ఎత్తు దిక్కు, తోక పల్లం దిక్కు వచ్చేటట్టు తాళ్లతో తిప్పుకున్నాడు. ముందుకాలు ఒకటి తుమ్మచెట్టుకు కట్టిండు. వెనక్కాలు ఒకటి నేలలో దిగ్గొట్టిన గూటానికి కట్టిండు. వీపుకు రెండు పక్కలా రాళ్లు ఆనిచ్చిండు. బర్రె వెల్లకిలా నిలబడ్డది. నలుగురు మనుషుల పని ఒక తాడు, ఒక చెట్టు, నాలుగు రాళ్లు చేసినయి.

గదుమ కింద నుంచి తోక దాకా నడుమ గీత ఒక్కటే. తోలు మందమే తెగాలి, లోపల కండకు తగలొద్దు. గిట్టల పైనుంచి కాళ్ల లోపలి పక్కగా నాలుగు గీతలు నడుమ గీతలో కలవాలి. అంచు లేచినాక కత్తి పక్కకు పెట్టిండు. పిడికిలి బిగించి తోలుకూ కండకూ మధ్య తోసిండు. "కత్తితోని తీస్తే బెజ్జం పడ్తదిరా. బెజ్జం పడ్డ తోలును షావుకారి సగానికి అడుగుతడు. గీత పడ్డా గానీ ఇప్పుడు గనపడదు, సున్నంల నానినంక గనపడ్తది" అన్నాడు.

ఒక పక్క తీసినాక ఆ తోలునే నేల మీద చాప లెక్క పరిచి, తాడు విప్పి, వెదురుబొంగు సందున పెట్టి ఎత్తి బర్రెను దాని తోలు మీదికే దొర్లిచ్చిండు. కూరకు మన్ను అంటలేదు. రెండో పక్క తీసిండు. కడుపు కోసేటప్పుడు కత్తి అంచు పైకి పెట్టిండు. దాని కింద రెండు వేళ్లు పెట్టి, వేళ్లతో పేగుల్ని లోపలికి నొక్కుకుంట ముందుకు పోయిండు. పొట్ట తెగితే అంతా ఖరాబు. గొంతు గొట్టాన్ని పురికోసతో ముడేసిండు. వెనక గుండ్రంగా కోసి అక్కడా ముడేసిండు. అప్పుడు గుంజితే మొత్తం పల్లం దిక్కు దానంతటదే జారి బయటికొచ్చింది. నేల వాలు ఎందుకు చూసిండో అప్పుడు తెలిసింది నాకు. కాలేజం మీది చేదుకట్టును పగలకుండా వేలితో ఊడదీసిండు.

గొడ్డలి లేదు. "ముందు జబ్బకు కీలు లేదురా, ఉత్త కండతోనే అతికి వుంటది" అని చెప్పి కత్తితోనే విడదీసిండు. వెనక తొడకు గుండ్రటి కీలు ఎక్కడుందో వేలితో వెతికి, నరం తెంపి పక్కకు వంచితే అదే ఊడొచ్చింది. నేను ఇంటర్ బైపీసీ చదివినప్పుడు కీళ్ల పాఠం వచ్చింది. లెక్చరర్ బొమ్మ గీస్తుంటే నాకు కందీలు వెలుగు గుర్తొచ్చింది. కానీ చెయ్యెత్తి చెప్పే ధైర్యం లేదు. చెప్తే వాసన చూస్తరేమోనని భయం.

తోలుకు ఉప్పు రాసి మడిచి తెల్లారకముందే తాత షావుకారి దగ్గరికి పోయిండు. మా అవ్వ కూరను తునకలు కోసి తాడు మీద ఆరేసింది. పొద్దుగాల నాయిన వచ్చిండు. తాడు చూసిండు.

"చెట్టు కింద కూసోని ఒట్టేసినం గదనే నాయినా. రాత్రికి రాత్రి నువ్వే పోయి కోసుకొస్తివి. ఊరోళ్లు రేపు నా మొకాన ఏమంటరు?"

తాత చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఒట్టు నువ్వేసినవ్ బిడ్డా. నేను అడ్డం రాలే. నన్ను ఎవ్వలు మొయ్యమనలే, ఎవ్వలకు మొయ్యలే. పోరనికి బట్టలు గావాలె. వాడు సదివితే మళ్ల ఈ కత్తి పట్టడు."

నాయిన తునకల తాడు తెంపిండు. పైసలు మాత్రం నేల మీదే వున్నయి. రెండు రోజులైనాక అవి తీసుకొని నాయినే నాకు అంగీ, నిక్కరు కుట్టిచ్చిండు. ఇద్దరిలో తప్పు ఎవరిది? నేను ఇప్పటికీ తేల్చలేకపోయాను. నాయిన ఒట్టు లేకపోతే నేను తలెత్తేవాణ్ణి కాదు. తాత కత్తి లేకపోతే బడికి పోయేవాణ్ణి కాదు.

మూడేళ్ల తర్వాత ఇంకొకటి జరిగింది. పటేలు ఎద్దు చచ్చింది. కబురు పెడితే వాడ పోలేదు. పటేలే వచ్చి తాతను పిలిచిండు, పైసలిస్తా అన్నాడు. తాత పోయి దూరం నుంచే చూసిండు. ముక్కులోంచి నల్లటి నెత్తురు, గడ్డకట్టలేదు. "పటేలా, దీనికి కత్తి తగలొద్దు. దొమ్మ తగిలి సచ్చింది. లోతుగ బొంద దీసి సున్నం బోసి పూడ్పియ్యి" అన్నాడు. "మీటింగులు పెట్టినంక మీకు కొవ్వు పట్టింది, పని తప్పిచ్చుకునే సాకు" అని పటేలు తిట్టిండు. మరునాడు పశువుల డాక్టరు వచ్చి చెవి నరం నుంచి చుక్క నెత్తురు తీసుకున్నాడు. కోయొద్దు, సున్నం పోసి పూడ్చమన్నాడు. ఆ రోగంతో చచ్చిన గొడ్డును కోస్తే నెత్తురుకు గాలి తగిలి క్రిములు గట్టిపడి ఏండ్లకేండ్లు మట్టిలోనే బతుకుతాయట. డాక్టరు మాటకు పటేలు చేతులు కట్టుకొని తలూపిండు. అదే మాట తాత చెప్పినప్పుడు సాకు అయింది. చదువు అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ 1903లో క్రోము పద్ధతిలో తోలు పదును చేసే ప్రయోగాలు మొదలుపెట్టాడని చరిత్ర రాసుకుంది. 1948లో అక్కడే కేంద్ర తోలు పరిశోధనా సంస్థ వచ్చింది. దానికి డైరెక్టరుగా చేసిన యలవర్తి నాయుడమ్మ గారు గొప్ప శాస్త్రవేత్త, నేను పిల్లలకు గౌరవంతోనే చెప్తాను. కానీ క్రోముకు ముందు ఎన్నో వందల ఏండ్లు తంగేడు చెక్కలో ఎన్ని రోజులు నానాలో, సున్నం ఎంత పడాలో తెలిసిన చేతుల పేర్లేవి? ఒక్క పేరు కూడా లేదు. కంచ ఐలయ్య గారు 2009లో 'పోస్ట్ హిందూ ఇండియా'లో మాదిగల్ని శాస్త్రవేత్తలు అని రాస్తే చాలామంది నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. కందీలు పట్టుకున్నవాణ్ణి గదా.

అయితే ఆ మాట విని, మళ్లీ కత్తి పట్టుకుందాం అనే తమ్ముళ్లకు ఒక మాట. 2002 అక్టోబరు 15న హర్యానా ఝజ్జర్ జిల్లా దులీనాలో గొడ్డు తోళ్లు తీసుకుపోతున్న అయిదుగురు దళితుల్ని పోలీసు చౌకీ దగ్గరే కొట్టి చంపారు. 2016 జూలై 11న గుజరాత్ ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్నవాళ్లను కొట్టి, కారుకు కట్టి ఊరేగించారు. ఆ తర్వాత అక్కడి దళితులు చచ్చిన గొడ్లను తెచ్చి సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందు పారేశారు. కోస్తే కొడతారు. కోయకపోతే వెలేస్తారు. మా పని మీద హక్కు మాది కానన్ని రోజులు ఇదే జరుగుతది. కనుక కత్తి వదిలెయ్యడం కూడా మన హక్కే. కానీ తెలివిని వదిలెయ్యొద్దు, దాని చరిత్రను అసలే వదిలెయ్యొద్దు.

తాత పోయి చాలా ఏండ్లయింది. కత్తి మా ఇంట్లో వుంది. పిడి ఊడింది, అలుగు అరిగి సన్నబడ్డది. నేను దాంతో ఏమీ కోయలేదు, నా కొడుకూ కోయడు.

మొన్న మళ్లీ అదే తరగతికి పోయాను. "మొన్న నేను మీకు తప్పు చెప్పిన" అన్నాను. తోలు ఎక్కడ్నుంచి వస్తదో, ఎవరు తీస్తరో, ఎట్లా తీస్తరో మొత్తం చెప్పాను. తీసినాయన మా తాత అని చెప్పాను. కొందరు పిల్లలు ఒకరి మొకం ఒకరు చూసుకున్నారు. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో ఒక సారు, "ఎందుకు సార్ పిల్లలకు అవన్నీ" అన్నాడు. "సిలబస్‌లో వృత్తులున్నయి సార్" అన్నాను.

సాయంత్రం ఆ పిల్ల గేటు దగ్గర ఆగింది. "సార్, మా ఇంట్ల గూడ ఆరె వుంది" అన్నది మెల్లగా. "దాచిపెట్టు బిడ్డా, పారెయ్యకు" అన్నాను.