ఓడలో ఇరవై ఎనిమిది రోజులు

నాకిప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆరేళ్ళుగా సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ఈ వయసులో ఎమ్మెస్‌కి అప్లై చేశానంటే ఆఫీసులో నవ్వారు. "ఇప్పుడేం చదువురా బాబూ, నీ తోటివాళ్ళు పిల్లల్ని స్కూల్లో వేస్తున్నారు" అన్నాడు మా టీంలీడు. సరే, సీటైతే వచ్చింది. డిపాజిట్ కట్టడానికి ఇంకా పది రోజులుంది. బెజవాడలో అమ్మ ఒక్కర్తే ఉంటుంది. వెళ్ళమనే అంటోంది గానీ, ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడుగుతోంది. "ఎన్నాళ్ళకొస్తావు?"

దానికి సరైన జవాబు దొరక్క, వందేళ్ళ క్రితం మన వైపు నుంచి చదువుకోసం సముద్రం దాటినవాళ్ళు ఎలా వెళ్ళారో, ఆ ఓడలో రోజులు ఎలా గడిపారో చదవడం మొదలుపెట్టాను. అందులోంచి కొన్ని సంగతులు మీతో చెప్పాలనిపించింది.

ముందు ఒక విచిత్రం. మనది ఓడలు తెలియని ప్రాంతం కాదు. బందరు తీరాన్ని దాదాపు రెండువేల ఏళ్ళ క్రితం గ్రీకు నావికులే రాసుకున్నారు. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు వ్యాపారానికి అక్కడికే వచ్చారు. మన కలంకారీ బట్టలు అక్కణ్ణించే దేశాలు తిరిగాయి. మరోపక్క సముద్రప్రయాణం చేస్తే పతితుడవుతాడని ధర్మసూత్రాలు! వ్యాపారం చేసేవాళ్ళు చేస్తూనే ఉన్నారు, వెలివేసేవాళ్ళు వేస్తూనే ఉన్నారు. 1864 నవంబరు 1 నాటి తుఫానులో బందరులో ముప్ఫైవేల మంది దాకా పోయారు. ఊరు మళ్ళీ అంతగా కోలుకోలేదు. పెద్ద ఓడలు ఒడ్డు దాకా రాలేని రేవు కూడాను. అంచేత చదువుకోసం సీమకెళ్ళే కృష్ణా జిల్లా కుర్రాడు, ఇంటికి దగ్గర్లోనే సముద్రం ఉన్నా, రైలెక్కి బొంబాయో మద్రాసో వెళ్ళి ఓడెక్కాల్సి వచ్చేది. (బందరు పోర్టుకి 2008లో, 2019లో, 2023లో శంకుస్థాపనలు జరిగాయి. మనకి శంకుస్థాపనలకి లోటు లేదు లెండి :))

అలా వెళ్ళినవాళ్ళలో మనందరికీ తెలిసిన పేరు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. పుట్టింది 1889లో, మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో. చదువు కాస్త అయ్యాక తాలూకాఫీసులో కొన్నాళ్ళు ఉద్యోగం చేశారు. అది వదిలేసి 1911లో స్నేహితుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి స్కాట్లండు వెళ్ళారు, ఎడింబరోలో ఎమ్మే చదవడానికి. గవర్నమెంటు ఉద్యోగం మానేసి చదువుకి పోవడం! మా టీంలీడు అప్పుడుంటే ఏమనేవాడో.

ఓడలో రోజులెలా ఉండేవో తెలియాలంటే మాత్రం గాంధీగారి ఆత్మకథ చూడాలి. 1888లో బొంబాయి నుంచి వెళ్ళినప్పుడు ఆయనకి పద్దెనిమిదేళ్ళు. కాబిన్‌లో తోడు జునాగఢ్ వకీలు త్ర్యంబకరాయ్ మజ్ముదార్. ఆయనా బారిష్టరు చదువుకే వెళ్తున్నారు, కాకపోతే వయసొచ్చి లోకం చూసినవాడు. నాకు ఈ ఇద్దరి కథ భలే నచ్చింది. కుర్రాడికి ఇంగ్లీషులో మాట్లాడాలంటే భయం. ముందు మనసులో వాక్యం కూర్చుకుని, తర్వాత నోరు తెరిచేవాడు. కత్తీ ఫోర్కూ పట్టుకోవడం తెలియదు. ఏ పదార్థంలో మాంసం ఉందో అడగడానికి సిగ్గు. భోజనాల హాలుకే వెళ్ళకుండా, ఇంటినుంచి తెచ్చుకున్న మిఠాయిలూ పళ్ళూ తింటూ కాబిన్‌లో గడిపేశాడు. పెద్దాయన మాత్రం డెక్కు మీద అందరితో కలిసిపోయి కబుర్లాడేవారు. తప్పులొస్తే రానీ, పరాయి భాషలో తప్పులు రాక మానవు, నువ్వూ మాట్లాడు అని కుర్రాణ్ణి పోరేవారు.

మొదటిసారి క్లయింటు కాల్‌లో మ్యూట్ తియ్యడానికి భయపడ్డ ప్రతివాడికీ ఇది తెలిసిన కథే. లేటు వయసులో చదువుకెళ్ళేవాడికి ఉన్న ఒక్క లాభం కూడా ఇందులోనే కనపడింది నాకు. సిగ్గు కాస్త అరిగిపోయి ఉంటుంది.

ఇక రోజువారీ సంగతులు. మొదటి కొన్నాళ్ళు కడుపులో తిప్పుడు, మంచం దిగలేకపోవడం. ఏడెన్ లాంటి రేవుల్లో ఓడకి బొగ్గు ఎక్కించేవారు, ఆ మసి అంతా ఇంతా కాదు. ఎర్రసముద్రంలో కాబిన్లు ఉడికిపోతుంటే మగవాళ్ళు పరుపులు డెక్కు మీదకి తెచ్చుకుని పడుకునేవారు. 1869లో తెరిచిన సూయజ్ కాలువలో ఓడ నెమ్మదిగా, రెండువైపులా ఇసుక మధ్య నడిచేది. అది దాటాక చలి మొదలు, పెట్టెలోంచి ఉన్నిబట్టలు పైకి.

శ్రీనివాస రామానుజన్ కూడా లేటు స్టూడెంటే. ఇరవై ఆరేళ్ళు, పెళ్ళయింది, మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా పని చేసి వచ్చినవాడు. బయల్దేరే ముందు పిలక తీయించుకోవాల్సి వచ్చింది. 1914 మార్చి 17న మద్రాసులో నెవాసా అనే ఓడెక్కి ఏప్రిల్ 14న లండన్‌లో దిగారు. అంటే ఇరవై ఎనిమిది రోజులు.

ఇక్కడ చిన్న లెక్క. మనకీ లండన్‌కీ తేడా అయిదున్నర గంటలు, అంటే 330 నిమిషాలు. ఇరవై ఎనిమిదితో భాగిస్తే రోజుకి పన్నెండు నిమిషాల లోపే. ఓడలో గడియారాలు పడమటికి వెళ్ళేకొద్దీ కొంచెం కొంచెం వెనక్కి తిప్పేవారు. జెట్‌లాగ్ అనే మాటే లేదు. ఒళ్ళే కాదు, మనసు కూడా అలా రోజుకి కాస్త చొప్పున ఇంటినుంచి విడివడేదనుకుంటా. మనమో? గన్నవరంలో ఇడ్లీ తిని ఎక్కి, మర్నాడు ఇంకో ఖండంలో ఇమిగ్రేషన్ లైన్లో నిలబడతాం. సగం బుర్ర ఇంకా బెంజి సర్కిల్ దగ్గరే ఉంటుంది.

చివరిగా యల్లాప్రగడ సుబ్బారావు. కృష్ణా డెల్టా పక్కనే, భీమవరంలో 1895లో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కిన మనిషి. మద్రాసులో వైద్యం చదివి, ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1920ల మొదట్లో బోస్టన్ బయల్దేరారు. అప్పటికి ముప్ఫైకి దగ్గర పడ్డారు. డబ్బు కొంత మామగారు సర్దారు, సాయం చేస్తామని కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ మాటిచ్చింది. ఆ నాయకర్ గారు రంగూను వెళ్ళి గడించినవారు. అంటే ఒకాయన సముద్రం దాటి సంపాదించింది ఇంకొకాయన సముద్రం దాటడానికి ఆసరా అయింది. అక్కడ దిగాక డాక్టరుగారు ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు తీసే పని చేస్తూ చదువుకున్నారు. 1925లో ఫిస్క్‌తో కలిసి ఆయన ప్రకటించిన ఫాస్పరస్ కొలిచే పద్ధతి ఇద్దరి పేర్లతోనూ పుస్తకాల్లోకెక్కింది.

కానీ ఆయన తిరిగి రాలేదు. 1948లో అక్కడే పోయారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు.

దుగ్గిరాల వారు తిరిగొచ్చారు. ఆనంద కుమారస్వామితో కలిసి అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు (1917లో హార్వర్డు వాళ్ళు వేశారు), బందరు జాతీయ కళాశాలలో పనిచేశారు, 1921లో పన్నుకి ఎదురు తిరిగిన చీరాల-పేరాల జనాన్ని ఊరు ఖాళీ చేయించి పదకొండు నెలలు బయట నిలబెట్టారు. రామానుజన్ 1919లో జబ్బుతో వచ్చారు, ఏడాదికే పోయారు. ముగ్గురూ వెళ్ళేటప్పుడు ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పి వెళ్ళారో గానీ, జరిగింది మాత్రం మూడు రకాలుగా.

సుబ్బారావు గారి మందులవల్ల బతికినవాళ్ళు ఎందరో, అది చిన్న విషయం కాదు. అయినా ఈ కథల్లో మనం ఓడెక్కినవాళ్ళ రోజులే లెక్కపెడుతున్నాం. ఒడ్డున ఉన్నవాళ్ళ రోజులు ఎవరూ రాసుకోలేదు. వాళ్ళకి ఇరవై ఎనిమిది రోజులతో ప్రయాణం అయిపోలేదు మరి. మజ్ముదారు గారిలా సిగ్గు అరిగిన వయసులో వెళ్ళేవాడికి ఆ లాభంతోపాటు ఈ బరువూ ఉంటుంది. పద్దెనిమిదేళ్ళవాడికి తెలియకపోవచ్చు, ఇరవై ఎనిమిదేళ్ళవాడికి తెలియదంటే కుదరదు.

నిన్న రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. రెండేళ్ళు కోర్సు, మొదటి డిసెంబరులోనే ఓసారి వస్తాను, వెళ్ళే టికెట్టుతోపాటే ఆ టికెట్టూ కొంటాను అని చెప్పాను. "చూద్దాం" లాంటి మాటలేమీ వాడలేదు. అటునుంచి కాసేపు ఏమీ వినపడలేదు.

తర్వాత, "ఆవకాయ ఎన్ని కిలోలు తీసుకెళ్ళనిస్తారో కనుక్కో" అంది.

ఈ రోజు డిపాజిట్ కట్టేశాను. మీ ఇళ్ళల్లో ఆ రోజుల్లో ఓడెక్కినవాళ్ళు, వాళ్ళకోసం ఎదురుచూసినవాళ్ళు ఉంటే, పెద్దవాళ్ళనడిగి ఆ కబుర్లు రాసిపెట్టండి. ముఖ్యంగా ఎదురుచూసినవాళ్ళవి.