రామతీర్థం మెట్లమీద వేళాకోళం

రామతీర్థానికి ఆ పేరు ఎలా వచ్చిందో మా మిత్రుడొకడు నలభై ఏళ్ళ క్రితమే తేల్చేశాడు. మే నెల మధ్యాహ్నం కొండెక్కిన మొట్టమొదటి యాత్రికుడు ఆఖరి మెట్టుమీద కూలబడి, నాలుక పిడచకట్టుకుపోతుండగా, "రామా! తీర్థం!" అని కేక పెట్టాడట. ఆ కేకే ఊరికి పేరయిందని వాడి సిద్ధాంతం. నీటిలో రాముడి విగ్రహం దొరికింది కనుక ఆ పేరు వచ్చిందని స్థలపురాణం చెబుతున్నది కదా అని మేము అడ్డు తగిలితే, "పురాణం రాసినవాడు వేసవిలో ఎక్కి ఉండడురా" అని కొట్టిపారేశాడు.

అప్పుడు మేము నలుగురం. విజయనగరంలో చదువుకునే రోజులు. ఆదివారాలు సైకిళ్ళు వేసుకుని, నెల్లిమర్ల మీదుగా పన్నెండు కిలోమీటర్లు తొక్కి, రామతీర్థం చేరేవాళ్ళం. కింద గుళ్ళో దర్శనం పేరుకు మాత్రమే. అసలు పని మెట్లమీద. ఒకడు గొలుసుకట్టు పదాలు మొదలుపెట్టేవాడు. ఒకడు ఊళ్ళ పేర్లు విరిచేవాడు. తండ్రి జనపనార మిల్లులో పనిచేసే మా మిత్రుడు, పై సిద్ధాంతకర్త, నెల్లిమర్లను ఇలా విరిచాడు: "నెల మరలేలోగా జీతం మరలిపోయే ఊరు." విజయనగరానికి వాడి వ్యుత్పత్తి మరీ దారుణం: "విజయం కోటలోవాళ్ళది, గరం మనది." ఇవి హాస్యాలా అంటే హాస్యాలే. గొప్పవా అంటే కావు. కానీ ఆ మెట్లమీద వాటికి మేము కడుపుబ్బ నవ్వాము.

ఇంటికి వస్తే పెద్దలు ఒకటే మాట అనేవారు: "పనికిమాలిన కబుర్లు." ఆ మాట నా మనసులో చాలాకాలం ముల్లులా ఉండిపోయింది. పనికిమాలిన కబుర్లకు చరిత్ర ఉంటుందా? ఉంటే దాన్ని ఎక్కడ వెతకాలి? ఈ వ్యాసం ఆ వెతుకులాటే.

మొదట రామతీర్థంలోనే వెతుకుదాం. చరిత్ర అక్కడ రాళ్ళకు రాళ్ళుగా పడి ఉంది. బోధికొండ, గురుభక్తకొండ, దుర్గకొండ అని మూడు కొండలు పక్కపక్కనే ఉన్నాయి. 1910-11లో పురావస్తుశాఖ తరఫున అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు జరిపి బౌద్ధ నిర్మాణాల శిథిలాలను వెలికితీశాడు. గురుభక్తకొండమీద స్తూపం, చైత్యాలు, భిక్షువుల విహారాలు బయటపడ్డాయి. దుర్గకొండ గుహలో తూర్పు చాళుక్యరాజు విమలాదిత్యుని కాలపు శాసనం ఉంది. ఆయన పాలనాకాలం 1011 నుంచి 1018 వరకు. నన్నయను పోషించిన రాజరాజనరేంద్రునికి ఈయన తండ్రి. ఆ రాజుకు గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనముని రామకొండకు వచ్చి భక్తితో నమస్కరించాడని శాసనం చెబుతుంది. బౌద్ధులు, జైనులు, రామభక్తులు ఒకరి తరువాత ఒకరు ఆ కొండలకు మొక్కారు. శాసనాలు రాజుల పేర్లు చెప్పాయి, గురువుల పేర్లు చెప్పాయి.

అయితే ఆ విహారాలలో బతికినవారంతా మనుషులే కదా. వర్షావాసంలో నెలల తరబడి ఒకే కొండమీద ఉన్న కుర్ర భిక్షువులు ఎప్పుడూ సూత్రాలే వల్లించారా? వంటవాడిమీద ఒక్క ఛలోక్తి అయినా విసురుకోలేదా? విసురుకునే ఉంటారు. రాయి చెక్కేవాడికి కూలి ఇచ్చి వేళాకోళాన్ని చెక్కించుకునేవాడు ఎవడు? అందువల్ల శాసనాలలో మన పూర్వులందరూ గంభీరంగా కనిపిస్తారు. నవ్వే తెలుగువాడు చరిత్రకెక్కాలంటే రాయి చాలలేదు. కాగితం రావలసి వచ్చింది.

ఆ కాగితం విజయనగరంలోనే దొరికింది. గురజాడ అప్పారావు (1862-1915), గిడుగు రామమూర్తి (1863-1940) ఆ ఊళ్ళో కలిసి చదువుకున్న స్నేహితులు. ఇద్దరికీ తెలుగుమీద ఉన్న ఇష్టం జీతంతో సంబంధం లేనిది. గిడుగువారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ శ్రీముఖలింగం గుడిలోని శాసనాలు చదవడం తనంతట తానే నేర్చుకున్నారు. సవరలతో స్నేహం చేసి, వారి భాష పట్టుబడేదాకా వదలలేదు. ఆ పని ఎవరూ ఆయనకు అప్పగించలేదు. కాలక్షేపం అనే మాటకు ఇంతకన్నా గొప్ప నిర్వచనం నాకు తెలియదు.

గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది. 1897లో అచ్చయింది. 1909లో బాగా పెంచి, దాదాపు కొత్త నాటకంగా మళ్ళీ ప్రకటించారు. ఆ రెండో రూపాన్ని చదివినప్పుడల్లా నాకు తోచేది ఒకటే. అందులో కథ నడిచేది తక్కువ, కబుర్లు నడిచేవి ఎక్కువ. గిరీశం శిష్యుడితో కోసే కోతలు, రామప్పంతులు డంబాలు, మధురవాణి ఎత్తిపొడుపులు, సానింటి పేకాట, పూటకూళ్ళమ్మ తగవు, ఇవన్నీ శిష్టులు "పనికిమాలినవి" అనే కోవలోవే. అంతకుముందు గ్రంథాలలో చోటులేని మాటలకు గురజాడ పీట వేసి కూర్చోబెట్టారు. తెలుగువాడు స్నేహితుడితో ఎలా మాట్లాడతాడో, ఎలా అబద్ధమాడతాడో, ఎలా వెక్కిరిస్తాడో మనకు పుస్తకంలో వినిపించింది అప్పుడే.

ఇంత నవ్వు వెనుక ఒక లెక్క ఉంది. ఆనందగజపతి మహారాజు విశాఖపట్టణం జిల్లాలో కన్యాశుల్కం పుచ్చుకుని జరిపిన బ్రాహ్మణ వివాహాల జాబితా తయారు చేయించగా, మూడేళ్ళకు 1034 పెళ్ళిళ్ళు లెక్కకు వచ్చాయి. అయిదేళ్ళ పిల్లలు, మూడేళ్ళ పిల్లలు, ఏడాది వయసు పసికూనలు కూడా అందులో ఉన్నారు. ఈ సంగతి గురజాడ తొలికూర్పు పీఠికలోనే రాశారు. ఆ జాబితాను ఉన్నదున్నట్టు అచ్చువేసి ఉంటే ఏ కచేరీ బీరువాలోనో చెదలు తిని ఉండేది. వేళాకోళంగా మార్చారు కనుక జనం నవ్వుకుంటూ విన్నారు. ఇంటికి వెళ్ళాక ఆ నవ్వు గొంతులో అడ్డుపడి ఉంటుంది.

ఇక్కడ మరో విజయనగరం సరదాను పక్కన పెట్టి చూడాలి. ఆ రాజవంశంలోనే పుట్టిన 'విజ్జీ', అంటే విజయానంద గజపతిరాజు, క్రికెట్టుపిచ్చి కలవాడు. 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మహామహులను ఇంగ్లండు నుంచి రప్పించి తన జట్టులో ఆడించుకున్నాడు. 1936లో భారతజట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్ళాడు. మూడు టెస్టులలో ఆయన చేసిన పరుగులు మొత్తం 33. జట్టులోని మేటి ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపించారు. ఆయన సరదా నిజమైనదే. ఖర్చుకు వెనుకాడని ప్రేమ. లేనిదల్లా "ఒరే, నీకు బ్యాటు పట్టుకోవడం రాదురా" అని మొహంమీద నవ్వగల స్నేహితుడు. మా మెట్లమీద అలాంటివాళ్ళు నాకు ముగ్గురున్నారు. ఆ లెక్కన రాజుగారికన్నా నేనే ధనవంతుణ్ణి.

తరువాతి తరంలో విజయనగరానికి అలాంటి స్నేహబృందం ఒకటి దొరికింది. కథకుడు చాగంటి సోమయాజులు (1915-1994), మనందరి చాసో. కవి శ్రీరంగం నారాయణబాబు (1906-1961). ఆంగ్ల అధ్యాపకుడు రోణంకి అప్పలస్వామి (1909-1987). రోణంకివారికి యూరపు భాషలు నేర్చుకోవడమే వ్యసనం. ఫ్రెంచి కవుల కొత్త పోకడలు ఆయన నోటిద్వారా ఈ ఊళ్ళోకి దిగాయి. ఆ మాటల వేడిలోనే నారాయణబాబు అధివాస్తవిక కవిత్వానికి సాహసించాడు. కవిగా మొదలైన చాసో కథకు మళ్ళాడు. ఆయన 'ఎంపు' కథ చూడండి. ముష్టివాళ్ళు పెళ్ళి సంబంధం గురించి చేసే సంప్రదింపు అంతా పైకి హాస్యమే. గుడ్డివాడైతే జాలిపడి జనం ఎక్కువ వేస్తారన్న లోకజ్ఞానం బయటపడేసరికి పాఠకుడి నవ్వు ఆగిపోతుంది. గురజాడ చేసిన పనే ఇక్కడ ఇంకో రకంగా జరిగింది.

1942 ప్రాంతంలో కాలేజీ చదువుకని వచ్చి ఈ గుంపులో పడ్డ కుర్రవాడు భాగవతుల శంకరశాస్త్రి, తరువాతి కాలపు ఆరుద్ర (1925-1998). సరదాల విషయంలో ఇంతటి బహుకుటుంబీకుణ్ణి నేనెరగను. వైమానికదళం బ్యాండులో వాయించాడు, చదరంగంమీద పుస్తకం రాశాడు, కూనలమ్మ పదాలు కట్టాడు. అన్నిటినీ మించి తెలుగువాళ్ళకు 'గళ్ళ నుడికట్టు' అలవాటు చేశాడు. ఆయనకు ముందు ఆ పని శ్రీశ్రీ 'పదబంధ ప్రహేళిక' పేరుతో చేశాడు. 1913 డిసెంబరు 21న న్యూయార్కు పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన అచ్చువేసిన గళ్ళ ఆట ప్రపంచమంతా తిరిగి, చివరకు మన ఉత్తరాంధ్ర కవుల చేతిలో అచ్చతెనుగు ఆట అయింది. అక్షరానికో గడి కేటాయించిన ఆంగ్లేయుల ఆటలో గుణింతాలనూ ఒత్తులనూ ఇరికించడం సామాన్యమా? మా నలుగురికీ వారానికొక్క పత్రిక. నుడికట్టు మొదట ఎవరు పూరించాలన్నదానిమీద ఎన్ని అలకలో!

శ్రీశ్రీ మరో చిత్రం కూడా చేశాడు. ఎడ్వర్డ్ లియర్ 1846లో పిల్లల కోసం అచ్చువేసిన అర్థంలేని పద్యాలతో జనానికి అలవాటైన అయిదు పాదాల 'లిమరిక్' అనే రూపాన్ని పట్టుకుని, దానికి వేదం తగిలించి 'లిమఋక్కు' అన్నాడు. ఆ పేరులోనే సగం నవ్వు ఉంది. సిరిసిరిమువ్వ మకుటంతో రాసిన పద్యాలు, ప్రాసక్రీడలు, లిమఋక్కులు కలిపి 'సిప్రాలి' అయ్యాయి. 'మహాప్రస్థానం' రాసిన చేయి ఈ కోతి చేష్టలు చేయడమేమిటని నొచ్చుకున్నవారు ఉన్నారు. నాకు మాత్రం ఆ రెండూ ఒకే చేతి పనిగానే కనిపిస్తాయి. మాటను అటూ ఇటూ తిప్పి, విరిచి, మెలిపెట్టి ఆడుకున్నవాడికే అది అవసరమైనప్పుడు కత్తిలా లొంగుతుంది. సాములో దెబ్బలు తినకుండా ఎవడూ మల్లుడు కాడు.

ఇంతదూరం వచ్చాక పెద్దల మాటకు నా జవాబు నాకు దొరికింది. తెలుగు భాషకు వ్యాయామశాల ఎక్కడైనా ఉందంటే అది స్నేహితుల కబుర్లలోనే ఉంది. అక్కడ తప్పుకు శిక్ష లేదు. చెత్త శ్లేషకు వీపుమీద ఒక గుద్దు, అంతే. మళ్ళీ ఇంకొకటి విసరవచ్చు. వందలో తొంభైతొమ్మిది గాలిలో కలిసిపోతాయి. మిగిలిన ఒక్కటీ ఏ గురజాడ చెవినో పడితే గిరీశం నోట పలుకుతుంది.

కానీ అందరి పక్కనా గురజాడ ఉండడు. ఈ విషయమే నన్ను ఇన్నాళ్ళు బాధించింది. మా నెల్లిమర్ల మిత్రుడు కొన్నేళ్ళ క్రితం పోయాడు. వాడు ఒక్క అక్షరం రాయలేదు. ఉద్యోగం, సంసారం, బదిలీలు. వాడి నోటినుంచి రాలిన వందల చమత్కారాలలో మాకు గుర్తున్నవి పట్టుమని పది లేవు. దశదినాల నాడు మిగిలిన ముగ్గురం కూర్చుని, ఒక్కొక్కటి గుర్తుచేసుకుందామంటే నాకు గుర్తున్నదానికి మరొకడు వేరే పాఠాంతరం చెప్పాడు. మూడోవాడు ఆ హాస్యం అసలు తనదేనన్నాడు. దుఃఖంలో కూడా వాదులాడుకున్నాము. వాడుంటే మురిసిపోయేవాడు.

ఈ మధ్య చాలా ఏళ్ళకు రామతీర్థం వెళ్ళాను. 2020 డిసెంబరులో కొండమీది కోదండరాముడి విగ్రహాన్ని ధ్వంసం చేసిన వార్త విని కలతపడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణి. 2022 ఏప్రిల్‌లో కొత్తగా కట్టిన ఆలయంలో మళ్ళీ పూజలు మొదలయ్యాయి. శాశ్వతమనుకున్న రాయికి కూడా పూచీ లేదని ఆ సంఘటన చెప్పింది. మెట్లు మెల్లగా ఎక్కుతూ, సగం దారిలో ఊపిరి కోసం ఆగాను. నా ముందు ఒక కుటుంబం. తండ్రి కాబోలు, నీళ్ళ సీసా కోసం మారాం చేస్తున్న పిల్లకు చెబుతున్నాడు:

"ఈ ఊరికి ఆ పేరెందుకొచ్చిందో తెలుసా అమ్మా? పూర్వం ఒకాయన నీలాగే దాహమేసి, 'రామా! తీర్థం!' అన్నాడంట."

పిల్ల పకపకా నవ్వింది. నేను ఉన్నచోటనే కూర్చుండిపోయాను. అది మా వాడిదేనని రుజువు చేయలేను. ఎండలో ఆ మెట్లెక్కిన ఏ తెలుగువాడికైనా తట్టగల చమత్కారమే. వాడికన్నా ముందే ఎవరికో తట్టి ఉండవచ్చు, వాడు ఎక్కడో విని మాకు తనదిగా చెప్పి ఉండవచ్చు. వాడి స్వభావం తెలిసినవాడిగా ఆ అనుమానం నాకు గట్టిగానే ఉంది.

"ఎవరు చెప్పారు బాబూ మీకీ కథ?" అని అడిగాను.

"ఇక్కడందరూ చెప్పుకుంటారండి. స్థలపురాణం," అన్నాడాయన.