ఆఫీసు ఒత్తిడి, ఇంటి ఒత్తిడి: స్త్రీల గుండెజబ్బు పరిశోధనలపై ఒక పరిశీలన

గుండెజబ్బుకు మానసిక ఒత్తిడి కూడా కారణమని ఒప్పుకోనివారు ఇప్పుడు లేరు. ఎవరి ఒత్తిడి, ఎక్కడి ఒత్తిడి అని అడిగితేనే చిక్కు. ఈ రంగంలో బాగా పేరుకెక్కిన తొలి సిద్ధాంతం పూర్తిగా మగవాళ్ల మీద నిలబడింది. శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు మేయర్ ఫ్రీడ్‌మన్, రే రోజెన్‌మన్ 1950ల చివర్లో ‘టైప్ ఎ’ స్వభావాన్ని వర్ణించారు. ఎప్పుడూ టైముతో పోటీపడుతూ, ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగలేక చిర్రుబుర్రులాడే మనిషి అతను. అలాంటివారికి గుండెజబ్బు ముప్పు ఎక్కువో కాదో తేల్చడానికి 1960లో మొదలుపెట్టిన అధ్యయనంలోని 3,154 మందీ 39–59 ఏళ్ల పురుషులే. ఎనిమిదిన్నరేళ్లకు టైప్ ఎ వారిలో జబ్బు దాదాపు రెట్టింపు కనబడింది. 22 ఏళ్లకు మరణాల లెక్క చూస్తే ఆ తేడా నిలవలేదు. సిద్ధాంతం వెలిసిపోయింది గానీ, గుండెపోటు పెద్ద ఉద్యోగాల జబ్బన్న అభిప్రాయం జనంలో ఉండిపోయింది.

దాన్ని గట్టిగా ప్రశ్నించిన లెక్కలు ఫ్రామింగ్‌హామ్ నుంచి వచ్చాయి. 1948లో అమెరికాలోని ఆ ఊళ్లో మొదలైన అధ్యయనంలో స్త్రీలు తొలినుంచీ ఉన్నారు. వారిలో 45–64 ఏళ్లవారిని ఎనిమిదేళ్లు గమనించి సుజాన్ హేన్స్, మానింగ్ ఫైన్‌లీబ్ 1980లో ఫలితాలు ప్రచురించారు. ఉద్యోగం చేసినంత మాత్రాన స్త్రీకి ముప్పు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. గుమాస్తా పనిలో ఉన్నవారిలో మాత్రం 10.6 శాతం మందికి గుండెజబ్బు వచ్చింది. గృహిణుల్లో అది 5.4 శాతం. ఆ గుమాస్తాల్లోనూ పిల్లలుండి, భర్త కాయకష్టం చేసేవాడైతే ముప్పు మరీ ఎక్కువ. కోపాన్ని దిగమింగుకోవడం, ఆదుకోని పై అధికారి, ఉద్యోగం మారే దారి లేకపోవడం వారి జబ్బుతో ముడిపడి కనిపించాయి. లండన్ ప్రభుత్వోద్యోగులపై మైకేల్ మార్మట్ బృందం విశ్లేషించిన వైట్‌హాల్ అధ్యయనం మగవాళ్లలోనూ ఇలాంటిదే చూపింది: అట్టడుగు గ్రేడువారిలో గుండెజబ్బు మరణాలు పైగ్రేడువారి కంటే మూడు రెట్లకు పైమాటే.

ఇంటిలోపలికి నేరుగా తొంగిచూసింది స్టాక్‌హోమ్. క్రిస్టినా ఓర్త్-గోమెర్ బృందం 1991–94 మధ్య గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరిన 292 మంది స్త్రీలను దాదాపు ఐదేళ్లు వెంబడించింది. వయసు, పొగతాగడం, షుగర్, బీపీ వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, దాంపత్యంలో తీవ్రమైన ఒత్తిడి ఉన్నవారికి జబ్బు తిరగబెట్టే ముప్పు 2.9 రెట్లు. ఉద్యోగపు ఒత్తిడికి అలాంటి ప్రభావం కనబడలేదు. ఒక్క నగరపు ఫలితాన్ని లోకమంతటికీ అంటగట్టలేం. అయినా ఆఫీసు గురించే అడిగే ప్రశ్నావళికి ఈ ముప్పు చిక్కేది కాదన్నది స్పష్టం.

చికిత్స విషయంలో మరింత ఆసక్తికరమైన సంగతి ఉంది. మాంట్రియల్‌లో గుండెపోటు వచ్చిన 1,376 మందిపై జరిగిన ప్రయోగంలో, సగం మందికి నర్సులు నెలనెలా ఫోన్ చేసి, దిగులుగా ఉన్నవారి ఇళ్లకు వెళ్లి ధైర్యం చెప్పారు. 1997లో ఫలితాలొచ్చాయి: మగవాళ్లకు మేలూ లేదు, కీడూ లేదు. స్త్రీలలో, సాయం అందుకున్నవారిలోనే మరణాలు ఎక్కువ. ఆ తేడా గణాంకపరంగా నిర్ధారణ అంచుదాకా వచ్చి ఆగింది కనుక తీర్పు చెప్పలేం, కొట్టిపారేయనూ లేం. స్వీడన్‌లో 237 మందితో జరిగిన మరో ప్రయోగంలో స్త్రీలు మాత్రమే చిన్న చిన్న బృందాలుగా కూర్చుని ఒత్తిడిని ఎదుర్కొనే పద్ధతులు నేర్చుకున్నారు. సుమారు ఏడేళ్లలో మామూలు వైద్యం పొందినవారిలో 20 శాతం, బృందాల్లో చేరినవారిలో 7 శాతం చనిపోయారు. ఇంటికి మనిషిని పంపడం కంటే, ఆమెను కాసేపు ఇంటినుంచి బయటికి రానివ్వడమే పనిచేసిందేమో! ఇది నా ఊహే. ప్రయోగాలు దీన్ని పరీక్షించలేదు.

మన సంగతి చూద్దాం. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003–04లో మరణాలను నమోదు చేస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటే ఇది పట్నం దొరల జబ్బు కాదు. అయినా ఆడమనిషి ఛాతీ పట్టేసినట్టుందంటే ఇంట్లో తొలిమాట, “గ్యాస్ పట్టిందేమో, కాస్త వాము నములు.” ఆసుపత్రికి చేరినా వృత్తి అన్న గడిలో ‘గృహిణి’ అని రాసి ముందుకు సాగిపోతారు. పక్కనున్న భర్త “ఇంట్లో ఖాళీగానే ఉంటుందండీ” అని జోడిస్తాడు.

మన ప్రాంతంలో గుండెజబ్బులపై ప్రశ్నావళులు తయారుచేసేవారికి ఒక విన్నపం. ఇంట్లో అందరికంటే ముందు లేచేదెవరు, మంచాన పడ్డ అత్తమామలను చూసేదెవరు, చేతిలో డబ్బు ఎవరికి ఆడుతుంది, ఆసుపత్రికి వెళ్లాలంటే ఆమె ఎవరినడగాలి? బీపీ, షుగర్, కొలెస్టరాల్ గడుల పక్కనే ఈ నాలుగు ప్రశ్నలకూ చోటివ్వండి. జవాబులు భర్తను కాక ఆమెనే అడిగి రాసుకోండి.