దొరువు నీటితో బిందు సేద్యం

బాపట్ల తీరపు ఇసుక నేలల్లో తక్కువ లోతున దొరికే మంచినీటిని డ్రిప్ గొట్టాల ద్వారా మొక్క వేళ్లకు చుక్కలుగా అందించే పద్ధతి ఇది. అయితే రేపల్లె మండలంలో కృష్ణా నది ఒడ్డునున్న పెనుమూడి వంటి డెల్టా ఊళ్లలో కాలువ నీరు, వరి పంట ప్రధానం. అక్కడ డ్రిప్ కూరగాయలకు, పండ్ల తోటలకు, పెరళ్లకు నప్పుతుంది.

తీరపు ఇసుక నేలలో వాన నీరు ఇంకి, బరువైన ఉప్పునీటిపై పలుచని పొరగా తేలుతుంది. రైతులు దొరువులనే లోతు తక్కువ గుంటలు తవ్వి, కడవలతో ఆ నీటిని తోడి మొక్కలకు పోసేవారు. ఎంత శ్రమో చెప్పనక్కర్లేదు. లోతైన బోరు వేసి గట్టిగా తోడితే కింది ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. అందుకే బాపట్లలోని ఉప్పునీటి వినియోగ పరిశోధన విభాగం దొరువును మెరుగుపరిచింది: నీటిమట్టం కింద చిల్లుల పీవీసీ గొట్టాలను అడ్డంగా పరిచి, నీటిని మధ్యనున్న బావిలోకి చేరుస్తారు. ఉప్పు కదలకుండా పైపొర నీరే వస్తుంది.

ఇలా నెమ్మదిగా ఊరే నీటికి డ్రిప్ చక్కగా సరిపోతుంది. ఒక్కో డ్రిప్పర్ సాధారణంగా గంటకు 2 నుంచి 4 లీటర్లు వదులుతుంది. ఇసుకలో నీరు పక్కలకు పెద్దగా పాకదు, నేరుగా దిగిపోతుంది. కాబట్టి డ్రిప్పర్లు దగ్గరగా ఉండాలి, తక్కువసేపు తరచుగా పారించాలి. ఫిల్టర్‌ను అశ్రద్ధ చేస్తే గొట్టాలు పూడుకుపోతాయి. డ్రిప్ తడిపిన నేల అంచున పేరుకున్న ఉప్పును వానలు కడిగేస్తాయి.

ఆధునిక డ్రిప్ 1960లలో ఇజ్రాయెల్‌లో రూపుదిద్దుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మ సేద్య పథకం మొదలై, రాయితీపై పరికరాలు అందించింది.