మీన మాసపు పున్నమి, తుంబురు కోన

తిరుపతి చుట్టుపక్కల అడవి నడకలు ఈమధ్యనే, వీపున సంచీ తగిలించుకుని చెన్నై, బెంగళూరుల నుంచి వచ్చే కుర్రకారుతో మొదలయ్యాయని చాలామంది నమ్మకం. నాగలాపురం మడుగుల దగ్గర, తలకోన జలపాతం కింద వారాంతాల్లో కనిపించే సందడి చూస్తే అలా అనిపించడం సహజమే. కానీ ఎండలు ముదరకముందే ఒక రోజు చూసుకుని, తెల్లారగట్ల బయల్దేరి, అడవిలోని నీటిపట్టు దాకా నడిచి, స్నానం చేసి తిరిగి రావడం ఇక్కడ తరతరాల ఆచారం. దాన్నే తీర్థ ముక్కోటి అంటారు. ఎప్పుడు ఏ తీర్థానికి పోవాలో చెప్పే ఆ పంచాంగంలో భక్తి ఎంత ఉందో, కొండ వానను, వాగును ఎరిగిన అనుభవమూ అంతే ఉందని నా వాదన.

ముందు ఆ వరస చూడండి. కార్తిక పున్నమికి కపిలతీర్థం. అది కొండ దిగువన, ఊరి అంచునే ఉంది. కార్తిక శుద్ధ ద్వాదశికి చక్రతీర్థం. అది కొండమీదే, శిలాతోరణానికి దగ్గర్లో ఉంటుంది. ఆ తర్వాత సూర్యుడు మకరంలో ఉండగా వచ్చే పున్నమికి రామకృష్ణ తీర్థం, కుంభంలో కుమారధార, మీనంలో తుంబురు తీర్థం. ఈ మూడూ అడవి లోపల బండలెక్కి దిగి చేరాల్సినవి. దీని పక్కన వానల లెక్క పెట్టండి. తిరుపతికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలదే జోరు. వాగులు పొంగే ఆ రోజుల్లో పంచాంగం జనాన్ని దగ్గరి తీర్థాలకే పంపుతుంది. కపిలతీర్థంలో ధార నిండుగా దూకేదీ అప్పుడే. వానలు వెనకపట్టి, జారుడు బండలు ఆరి, మడుగుల్లో నీళ్లు మాత్రం ఇంకా నిలిచి ఉన్న నెలల్లో దూరపు తీర్థాల వంతు వస్తుంది. అందులోనూ తుంబురు కోనది చివరి వంతు. అక్కడ కొండ నిలువునా చీలినట్టు రెండు వైపులా బండలు లేచి నిలబడతాయి. నడుమ ఇరుకు సందులో నీళ్లలోకి దిగి, రాయి రాయీ చూసుకుని అడుగేయాలి. మనిషి అందులో నడవాలంటే వరద తీసి ఉండాలి, మునగడానికి నీళ్లూ మిగలాలి. రెండూ కుదిరే వారాలు ఏడాదిలో బహు కొద్ది. అప్పటికి ఎర్రచందనం ఆకు రాల్చి ఉంటుంది గనుక అడవిలో చూపు దూరం సాగుతుంది. పున్నమి కాబట్టి నడకలో వెనకబడ్డవాళ్లకు వెన్నెల తోడు.

పున్నమికీ నక్షత్రానికీ పొంతన చూసి పెట్టిన తిథుల్లో వాతావరణం ఎక్కడిదని అడగొచ్చు. నిజమే, పున్నమి మఖలో వచ్చినా ఉత్తరఫల్గునిలో వచ్చినా అది ఆకాశపు లెక్క. కానీ ఆకాశం తిథిని ఇస్తుందే తప్ప, ఏ తిథికి ఏ కోన అన్నది ఇవ్వదు. కార్తికానికి తుంబురు కోనను, మీనానికి కపిలతీర్థాన్ని జతచేసినా జ్యోతిషానికి లోటేమీ లేదు, నడిచేవాడి ప్రాణానికే ముప్పు. ఇంకో సంగతి. చాంద్రమాసం ఋతువుతో పోలిస్తే ముందుకూ వెనక్కూ జరుగుతుంది, సౌరమాసం కదలదు. 2025లో ఫాల్గుణ పున్నమి మార్చి 14న, సూర్యుడు ఇంకా కుంభం దాటకముందే వచ్చింది. ఆ రోజు కుమారధార ముక్కోటి జరిగింది. తుంబురు ముక్కోటి ఏప్రిల్ 12 దాకా ఆగింది. దూరపు నడకలను ఋతువుకు గట్టిగా ముడివేసిన ఏర్పాటు ఇది.

పుణ్యం కోసం పోయినవాణ్ణి కొండ చూడబోయినవాడని ఎలా అంటారన్నది ఇంతకంటే బలమైన అభ్యంతరం. అయితే ఇక్కడి నమ్మకంలో కొండే ఆదిశేషుడు. గుడి ఒకచోట, ప్రకృతి ఒకచోట అన్న విభజన ఆ మనసుకు లేదు. 11వ శతాబ్దంలో తిరుమల నంబి స్వామి అభిషేకానికి రోజూ పాపవినాశనం నుంచి నీళ్లు మోశాడని సంప్రదాయం చెబుతుంది. తిరుమలలో నేటికీ జరిగే తన్నీరముదు ఉత్సవం ఆయన స్మరణే. కొండనూ దాని తీర్థాలనూ కీర్తించే వేంకటాచల మాహాత్మ్యాన్ని గుడిలో చదివించే ఏర్పాటు 1491 నాటి శాసనంలో ఉంది. 1817లో కన్నుమూసిన తరిగొండ వెంగమాంబ కొన్నేళ్లు తుంబురు కోనలోనే తపస్సు చేసిందంటారు. తెలుగులో వేంకటాచల మాహాత్మ్యం రాసిన కవయిత్రి ఆమె. ఆ అడవిని ఆమె ఎరిగింది పుస్తకాల్లో కాదు, కాలినడకన.

తెల్లదొరల అలవాటు ఇందుకు పూర్తిగా వేరు. కడప కలెక్టరు హార్స్‌లీ 19వ శతాబ్దంలో మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండమీద ఇల్లు కట్టుకున్నాడు. కొండకు ఆయన పేరే స్థిరపడింది. అది మండువేసవిని తప్పించుకోవడానికి పైకెక్కి, అక్కడే ఉండిపోయే పద్ధతి. ముక్కోటి యాత్రికుడు వేసవికి ముందే వెళ్తాడు, ఏమీ కట్టడు, తిరిగి వచ్చేస్తాడు. కొండల్లో విహారం మనకు ఇంగ్లీషువాళ్లు నేర్పారనే మాట హార్స్‌లీ హిల్స్‌కు నప్పుతుందేమో, శేషాచలానికి నప్పదు.

1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరుచుకునే దాకా తిరుమలకు వచ్చిన ప్రతివాడూ, డోలీ ఎక్కినవాడు తప్ప, కొండ నడిచి ఎక్కినవాడే. బస్సు వచ్చాక ఆ నడక మొక్కుగా, ఇష్టంగా మారింది. తీర్థాలకు మాత్రం బస్సు పోలేదు. పాపవినాశనం దాకా చక్రాలు, ఆ తర్వాత కాళ్లే. అందుకే ముక్కోటి నాడు దేవస్థానం దారిలో పొంగలి, పులిహోర, మజ్జిగ పంచుతుంది.

అడవిలోకి అసలు ఎవరినీ పంపకూడదనేవారి మాటనూ కొట్టిపారేయలేం. 1989 నుంచి ఇది శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం, 2010 నుంచి శేషాచలం జీవావరణ రిజర్వు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక పసిపిల్ల చిరుతకు బలైంది. వేలమంది నడిచిన దారిలో ప్లాస్టిక్ మిగులుతుంది, అగ్గిపుల్ల భయమూ ఉంటుంది. కానీ తుంబురు కోన తెరిచేది ఏడాదిలో ఒకటి రెండు రోజులే. మిగతా రోజులన్నీ ఆ అడవి జంతువులదే. ఏ రోజూ వద్దంటే దారి ఎరిగినవాళ్లు మిగలరు, దొంగదారిన పోయేవాళ్లు పెరుగుతారు. సెలవు దొరికిన ప్రతి ఆదివారం వద్దు. నాగలాపురం, తలకోన దారులకు కూడా అటవీశాఖ మకరం నుంచి మీనం దాకా కొన్ని రోజులు ఎంచి, ఆ పూటకు నీళ్లు, కాపలా, చెత్త ఎత్తే మనుషులను పెట్టి, వానల నెలల్లో గట్టిగా మూసేయాలి.