కూలియా, గుత్తదారుడా?



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో భోజనపు పొట్లములను, అంగడి సరకులను మోటారు సైకిళ్లపై ఇంటింటికి చేర్చు యువకులను మీరు చూచియే యుందురు. వీరిచే పని చేయించుకొను సంస్థలు వీరు తమ నౌకరులు కారనియు, స్వతంత్రముగా పనిని గుత్తకు పట్టినవారనియు చెప్పుచున్నవి. భాగస్వాములని యొక గౌరవనామము గూడ నిచ్చినవి. లాభములో భాగము మాత్రము లేదు. ఇది క్రొత్త వాదమని తలపవలదు. కాగితము మీది పేరునకును, చేయించుకొన్న పనికిని నడుమ తగవు మన సీమలో చాల పాతది.

నిజాము పాలనలో సూర్యాపేట, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోని తాలూకాలు. ఆనాడు వెట్టికి ఒడంబడిక అక్కరలేదు. దొర పిలిచిన చాలును. భగేలా అట్టిది కాదు. పెండ్లికో, కరవుకో కూలివాడు అప్పు పుచ్చుకొని, అది తీరువరకు అప్పిచ్చిన వాని పొలమున పని చేయుదునని ఒప్పుకొనును. చూచుటకిది యిద్దరు స్వతంత్రులు చేసికొన్న ఒప్పందమే! వడ్డీ పెరుగును, లెక్క దొర చేతిలో నుండును, తండ్రి అప్పు కొడుకు మెడకు చుట్టుకొనును. భగేలా ఒడంబడికలను అదుపులోనికి తెచ్చుటకు హైదరాబాదు ప్రభుత్వము 1936లో ఒక శాసనము చేసినది. అయినను వెట్టి, భగేలాలు తొలగలేదు. 1946లో రగిలిన తెలంగాణ రైతాంగ పోరాటమునకు అవియు ముఖ్య కారణములైనవి.

నేటి యువకుని భగేలాతో సరిపోల్చుట అతిశయోక్తి యగును. అతడు తలచినచో ఫోను కట్టివేసి యింటికి పోగలడు. అతనికి దగ్గరి చుట్టము మిర్యాలగూడ హమాలీ. 1967లో నాగార్జునసాగరు ఎడమ కాలువకు నీరు వదలిన పిదప ఈ ప్రాంతమున వరి పెరిగినది. వరితో బియ్యపు మిల్లులు పెరిగినవి. బస్తా మోసిన హమాలీకి బస్తా లెక్కనే కూలి. అతని యజమాని మిల్లువాడా, వర్తకుడా, ముఠా మేస్త్రీయా యను ప్రశ్న నడుము విరిగిననాడుగాని పుట్టదు. పుట్టిననాడు ముగ్గురును తప్పుకొందురు. 1976లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ముఠా, జట్టు, హమాలీ పేర్లతోనే యొక చట్టము చేసినది. సంక్షేమ మండలి కావలెనని హమాలీ సంఘములు ఆ తరువాతను కోరుచునే యున్నవి.

న్యాయస్థానమున ఈ ప్రశ్నను సూటిగా తేల్చినది దర్జీల వ్యాజ్యము. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ అను దుకాణమువారు, తమ దర్జీలు కుట్టిన బట్టకింతయని కూలి గొనువారే కాని నౌకరులు కారని వాదించిరి. దినమంతయు పనిచేయవలెనను నిర్బంధము లేదు. కొందరు గుడ్డను ఇంటికి గొనిపోయి కుట్టుదురు. వేరు దుకాణములకును కుట్టవచ్చును. తెలంగాణ ప్రాంతపు 1951 నాటి దుకాణముల చట్టము వీరికి వర్తించునా? 1973 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వర్తించునని తీర్పు చెప్పినది. కుట్టుయంత్రములు దుకాణమువి, ఎట్లు కుట్టవలెనో చెప్పువాడు యజమాని, కుట్టు నచ్చనిచో విప్పి మరల కుట్టించు అధికారమును అతనిదే. వేళలు తన యిష్టమైనంత మాత్రమున దర్జీ గుత్తదారు కాడని న్యాయమూర్తులు తలచిరి.

ఈ కొలబద్దను మోటారు సైకిలుపై పెట్టి చూడుడు. బండి యువకునిదే, పెట్రోలును అతనిదే. సంస్థ పక్షమున ఇది బలమైన వాదము, కాదనరాదు. కాని ధర నిర్ణయించువాడతడు కాడు. ఏ యింటికి పోవలెనో ఫోను చెప్పును. చుక్కలతో మార్కులు వేయుదురు; మార్కులు తగ్గిన ఖాతా మూతపడును. విప్పి కుట్టుమన్న యజమానికన్న ఈ యజమాని అధికారము తక్కువయని నాకు తోచదు.

పార్లమెంటు వేరు త్రోవ త్రొక్కినది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికుడన యజమాని-సేవక సంబంధమునకు వెలుపల పనిచేయువాడని నిర్వచించినది. సంస్థలు సాలుసరి వ్యాపారపు మొత్తములో నూటికి 1 మొదలు 2 వంతులు సంక్షేమ నిధికి చెల్లింపవలెనన్నది. స్మృతి 2025 నవంబరు 21న అమలునకు వచ్చినది. నిధి వచ్చినది గాని, ఆ నిర్వచనముతో కనీస వేతనపు హక్కు వాకిటనే నిలిచినది. తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరులో 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించి, 2025 ఏప్రిలులో ఈ కార్మికుల కొరకు ప్రత్యేక బిల్లు ముసాయిదాను ప్రజల ముందుంచినది.

ఆపు నమ్ముకొన్న రవాణా కార్మికుల సమాఖ్య 2021లోనే, దర్జీల తీర్పు చెప్పిన ఆ సుప్రీంకోర్టు గడపనే యెక్కినది. ఒప్పందములో భాగస్వామియని వ్రాసినను, పనినిబట్టి తమను కార్మికులుగా గుర్తింపవలెనని వారి ప్రార్థన.